శామ్‌సంగ్ ట్యాబ్ ఏ7 (2020)లో లీనియేజ్ ఓఎస్ వేసుకోవచ్చా? అనుభవం ఉన్నవారి సలహా కావాలి

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. కరోనా కాలంలో ఆన్‌లైన్ తరగతుల కోసం 2020 చివరలో శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 కొన్నాను. తెర 10.4 అంగుళాలు, ర్యామ్ 3 జీబీ, నిల్వ 32 జీబీ. తెర ఇప్పటికీ చక్కగా ఉంది, బ్యాటరీ కూడా రోజంతా వస్తుంది. కానీ దీనికి కంపెనీ ఆండ్రాయిడ్ 12 తర్వాత కొత్త వెర్షన్ ఇవ్వలేదు. భద్రతా అప్‌డేట్లు రావడం ఆగిపోయింది, నేను ఎన్నడూ తెరవని యాప్‌లు మాత్రం నిల్వలో పెద్ద భాగం ఆక్రమించి కూర్చున్నాయి.

నేను దీన్ని వాడేది ప్రధానంగా రెండు పనులకు: స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చదువుకోవడానికి, తరగతిలో పిల్లలకు పటాలు, వీడియో పాఠాలు చూపించడానికి. ఇంత మంచి తెర ఉన్న వస్తువును అప్‌డేట్లు రావడం లేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. శామ్‌సంగ్ ఇచ్చిన ఆండ్రాయిడ్‌కు బదులుగా, స్వచ్ఛంద బృందం తయారుచేసే ఉచిత ఆండ్రాయిడ్ అయిన లీనియేజ్ ఓఎస్ వేస్తే మరికొన్నేళ్లు పనికి వస్తుందని విన్నాను. వేయడం నిజంగా మంచిదేనా, వేస్తే తిరిగి రానివి ఏమేమి ఉంటాయో తెలిసినవారు చెప్పగలరు.

పటమట వాసి (విజయవాడ):

మాస్టారు గారూ, మిగతా విషయాలన్నిటి కంటే ముందు మీ ట్యాబ్ మోడల్ నంబరు చూసి చెప్పండి. సెట్టింగ్స్‌లో "అబౌట్ ట్యాబ్లెట్" తెరిస్తే కనిపిస్తుంది. ట్యాబ్ ఏ7 అనే పేరుతో శామ్‌సంగ్ ఒకటి కాదు, పలు పరికరాలు అమ్మింది. 2020లో వచ్చిన 10.4 అంగుళాల ట్యాబ్‌లో వైఫై రకం ఎస్ఎం-టీ500, సిమ్ పెట్టుకునే రకం ఎస్ఎం-టీ505. ఈ రెండింటిలోనూ స్నాప్‌డ్రాగన్ 662 ప్రాసెసర్ ఉంటుంది, రెండింటికీ లీనియేజ్ వికీలో (ఆ బృందం సూచనలు ఉంచే సైటులో) అధికారిక పేజీలు ఉన్నాయి. తర్వాత అదే ఆకారంలో, అదే పేరుతో వచ్చిన ఎస్ఎం-టీ503, ఎస్ఎం-టీ509 మోడళ్లలో మాత్రం యూనిసాక్ టీ618 ప్రాసెసర్ ఉంది. టీ500 ఫైళ్లు వాటికి పనికిరావు. ఏ7 లైట్ అయితే పూర్తిగా వేరే పరికరం. దుకాణంలో పక్కపక్కన పెడితే టీ500కూ టీ509కూ తేడా కనిపెట్టడం కష్టం, అందుకే నంబరు చూడకుండా ఎవరు చెప్పిన సలహానూ, చివరికి నా సలహానూ, పాటించవద్దు.

గవర్నర్‌పేట సర్వీసింగ్ (విజయవాడ):

నేను ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను. మాస్టారు గారి నిర్ణయానికి అడ్డు చెప్పాలని కాదు గానీ, అవతలి పక్షం కూడా ఆలోచించమని కోరుతున్నాను. పీడీఎఫ్‌లు చదవడానికి ఆండ్రాయిడ్ 12 ఇప్పటికీ సరిపోతుంది. ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అవసరం లేని యాప్‌లను డిజేబుల్ చేసి, పుస్తకాలన్నీ మెమరీ కార్డులో పెట్టుకుంటే చాలామందికి అంతకు మించి అవసరం పడదు. మా దగ్గరికి వచ్చే ట్యాబ్‌లలో కొన్ని ఏదో వీడియో చూసి ఫ్లాష్ చేయబోయి, అంటే వేరే ఓఎస్ ఎక్కించబోయి, కంప్యూటరు నుంచి ఫైళ్లు తీసుకునే డౌన్‌లోడ్ మోడ్ తెర దగ్గరే ఆగిపోయినవి. వాటిలో ఎక్కువ వాటికి కారణం మోడల్ తేడాయే.

బ్రాడీపేట మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాది ఎస్ఎం-టీ500. సర్వీసింగ్ వారు చెప్పినట్లు రీసెట్ చేసి కొంతకాలం వాడి చూశాను, నిల్వ సమస్య కొంత తగ్గిన మాట నిజం. అయితే ఈ ట్యాబ్‌ను పాఠశాల వైఫైకి కలుపుతాను, పిల్లల చేతికి కూడా ఇస్తాను. భద్రతా అప్‌డేట్లు లేని పరికరాన్ని అలా వాడడం సరికాదన్నది నా అసలు ఆందోళన. బ్యాంకు యాప్‌లు, ఓటీటీ సినిమాల సంగతి ఏమవుతుందో కూడా చెప్పండి.

పటమట వాసి:

టీ500 అయితే మార్గం ఉంది. పోయేవి ఏమిటో ముందు చెబుతాను, అవి మీకు అక్కర్లేదనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

మొదటిది నాక్స్, అంటే శామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ. శామ్‌సంగ్ పరికరాల లోపల ఒక ఎలక్ట్రానిక్ ఫ్యూజు ఉంటుంది. అనధికారిక ఫైలు ఒకటి ఎక్కించగానే అది శాశ్వతంగా 0 నుంచి 1కి మారుతుంది. గ్యాస్ సిలిండరు సీలు లాంటిది, ఒకసారి తెగితే మళ్లీ అతుక్కోదు. తర్వాత శామ్‌సంగ్ సాఫ్ట్‌వేరే తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్ వంటివి పనిచేయవు. వారంటీ సంగతి మీకు లేదు, ఎప్పుడో ముగిసి ఉంటుంది.

రెండవది వీడియో నాణ్యత. ఓటీటీ సంస్థలు వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థను వాడతాయి. బూట్‌లోడర్ (పరికరం ఆన్ కాగానే ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) అన్‌లాక్ అయి, వేరే ఓఎస్ ఉన్న పరికరం సాధారణంగా దానిలో పై స్థాయి అయిన ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి దిగిపోతుంది. అప్పుడు నెట్‌ఫ్లిక్స్ వంటివి హెచ్‌డీలో రావు. యూట్యూబ్ పాఠాలకు ఈ ఇబ్బంది ఉండదు.

మూడవది బ్యాంకు యాప్‌లు. పరికరంలోని సాఫ్ట్‌వేరు మారిందా అని చూసే గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్షను బట్టి కొన్ని యాప్‌లు తెరుచుకోవు, ఏ బ్యాంకు యాప్ ఎప్పుడు మొరాయిస్తుందో హామీ ఇవ్వలేము. అయితే మీది వైఫై రకం. యూపీఐ నమోదుకు ఆ పరికరంలోని సిమ్ నుంచే ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి, సిమ్ లేని టీ500లో మీరు యూపీఐ ఇప్పుడు కూడా వాడడం లేదు. ఆ పనికి ఫోను ఉండనే ఉంది.

లబ్బీపేట లైనక్స్ (విజయవాడ):

పటమట వాసి గారు చెప్పిన జాబితాకు నేను ఒకటి కలుపుతాను, ఎందుకంటే మాస్టారు గారు భద్రత కోసమే ఇదంతా చేస్తున్నానన్నారు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన ట్యాబ్ ఎవరి చేతికైనా చిక్కితే, కంప్యూటరుకు కలిపి దానిలో మార్చిన రికవరీని (ఓఎస్ వేయడానికీ, తుడవడానికీ వాడే చిన్న వ్యవస్థను) గానీ, మార్చిన ఓఎస్‌ను గానీ వేయగలరు. పరికరం తెరుచుకునేటప్పుడు సాఫ్ట్‌వేరు అసలుదేనా అని పరీక్షించే ఏర్పాటు బలహీనపడుతుంది. లీనియేజ్ వేశాక బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేసే ప్రయత్నం శామ్‌సంగ్‌లో చేయవద్దు. చేస్తే ట్యాబ్ తెరుచుకోదు.

అంటే ఇక్కడ రెండు రకాల ప్రమాదాలున్నాయి. పాత ఆండ్రాయిడ్‌లోని లోపాల వల్ల ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రమాదం ఒకటి, వస్తువు చేతికి చిక్కినవాడి వల్ల వచ్చే ప్రమాదం మరొకటి. లీనియేజ్ మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండవదాన్ని పెంచుతుంది. తరగతి గదిలో పటాలు చూపించే ట్యాబ్‌కు మొదటిదే ఎక్కువగా ఎదురవుతుంది కాబట్టి నా ఓటు లీనియేజ్‌కే. కానీ అందులో మీ ఆధార్ కాగితాలు, పాస్‌వర్డులు దాచుకోవద్దు. మరో మాట: కెమెరా, వైఫై వంటి భాగాలను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేరు, అంటే ఫర్మ్‌వేరు, ప్రాసెసర్ తయారీదారు నుంచీ, శామ్‌సంగ్ నుంచీ రావలసినదే. దాన్ని లీనియేజ్ బృందం సరిదిద్దలేదు. ఆండ్రాయిడ్ భాగం వరకు ప్యాచ్‌లు అందుతాయి.

అరండల్‌పేట అమ్మ (గుంటూరు):

నా ప్రశ్న కూడా దీనికి దగ్గరగా ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపి ట్యాబ్‌లు ఇచ్చారు కదా. మా అబ్బాయికీ వచ్చింది. వాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, ఆ పాఠాలు ఇక వాడికి అక్కర్లేదు. ట్యాబ్‌ను ఇంటర్ పాఠాలకు వాడుకుందామంటే కొత్త యాప్‌లు వేయనివ్వడం లేదు. డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాక్ అనే మీట కూడా లేదు. వేరే ఓఎస్ వేస్తే సరిపోతుందని పక్కింటి అబ్బాయి అంటున్నాడు.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మా, దీనికి నేను సమాధానం చెబుతాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ ట్యాబ్ సంస్థాగత నియంత్రణలో ఉన్నట్లుంది. ఏ యాప్‌లు ఉండాలో, ఏ సెట్టింగ్ కనిపించాలో దూరం నుంచి నిర్ణయించే ఏర్పాటు అది. పిల్లలు పక్కదారి పట్టకుండా ఉండడానికి పెట్టినది. దాన్ని దొంగదారిన తీయించడానికి ప్రయత్నించవద్దు. అబ్బాయి చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్లి, కోర్సు పూర్తయిన విద్యార్థి ట్యాబ్‌పై నియంత్రణ తొలగించే వీలుందా అని ఒక అర్జీ రూపంలో అడగండి. కాగితం మీద అడిగితేనే వారు పైకి పంపడానికి వీలవుతుంది. ట్యాబ్‌తో పాటు వచ్చిన రసీదు గానీ, తల్లిదండ్రుల సంతకంతో ఇచ్చిన కాగితం గానీ ఉంటే దాని నకలు జతచేయండి.

పటమట వాసి:

మాస్టారు గారి మాటకు సాంకేతికంగా ఒకటి చేరుస్తాను. నియంత్రణ అధికారికంగా తీసేస్తే ఆండ్రాయిడ్‌లో ఉన్న ఇబ్బంది చాలావరకు అక్కడే తీరిపోతుంది. ఓఎస్ మార్చవలసిన అవసరమే పడకపోవచ్చు. నియంత్రణ ఉండగా బూట్‌లోడర్ అన్‌లాక్ కాదు, అన్‌లాక్ చేసి పెడతామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఇక మాస్టారు గారి పని. ఆదివారం తీరికగా కూర్చుని చేయండి. నేను చెప్పేది పని నడిచే తీరు మాత్రమే. ఏ ఫైలు, ఏ వరుసలో అన్నది టీ500 వికీ పేజీలో ఉన్నదే ప్రమాణం. ఆ పేజీలో మీ ట్యాబ్‌కు ఉండే సంకేతనామం జీటీఏ4ఎల్‌వైఫై. టీ505 వాళ్లది జీటీఏ4ఎల్. దించుకునే ప్రతి ఫైలు పేరులోనూ మీ సంకేతనామం ఉందో లేదో చూడండి.

పుస్తకాలు, ఫొటోలు అన్నీ కంప్యూటరులోకి తీసి పెట్టుకున్నాక, గూగుల్ ఖాతాను, శామ్‌సంగ్ ఖాతాను ట్యాబ్ నుంచి తొలగించండి. ఖాతా ఉండగానే తుడిచేస్తే తర్వాత ఆ ఖాతా పాస్‌వర్డు అడిగే తాళం పడుతుంది. శామ్‌సంగ్ ఇచ్చిన చివరి అప్‌డేట్ వరకు వేసుకోండి, ఎందుకంటే వికీ పేజీ కోరే ఫర్మ్‌వేర్ వెర్షన్‌తో మీది సరిపోవాలి. తర్వాత సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడు సార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ వస్తుంది, అందులో బూట్‌లోడర్ తాళం తీయడానికి అనుమతించే ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయండి. అది కనిపించకపోతే ట్యాబ్‌ను వైఫైకి కలిపి ఉంచండి. కొత్తగా రీసెట్ చేసిన శామ్‌సంగ్‌లో ఆ మీట కనిపించడానికి ఒక్కోసారి వారం పడుతుంది.

ఆ తర్వాత ట్యాబ్ ఆపి, వాల్యూమ్ రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకుని, కంప్యూటరుకు కలిపిన కేబులు గుచ్చండి. నీలిరంగు హెచ్చరిక తెర వస్తుంది. అక్కడ వాల్యూమ్ పెంచే బటన్‌ను నొక్కి పట్టుకుంటే అన్‌లాక్ చేయమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే ట్యాబ్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. ట్యాబ్ కొత్తదానిలా తెరుచుకున్నాక మళ్లీ ఇంటర్నెట్‌కు కలిపి, డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్‌లోనే ఉందని నిర్ధారించుకోండి. చాలామంది ఈ మెట్టు దాటవేస్తారు, తర్వాత ఫ్లాష్ ఎందుకు ఆగిందో తెలియక సతమతమవుతారు.

విండోస్‌లో ఓడిన్, లినక్స్‌లో హైమ్‌డాల్ అనే సాఫ్ట్‌వేరుతో రికవరీ ఎక్కించాలి. వికీ పేజీ దానికంటే ముందు వీబీమెటా అనే చిన్న ఫైలు వేయమంటే అదే ముందు వేయండి. అసలు సాఫ్ట్‌వేరేనా అనే పరీక్షను ఆపేది అదే. ఓడిన్‌లో ఆటో రీబూట్ గడిలో టిక్కు తీసేయండి. రికవరీ ఎక్కగానే వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ కలిపి పట్టుకుని తెర ఆరిపోగానే, వాల్యూమ్ పెంచే బటన్, పవర్ బటన్‌కు మారండి. నేరుగా లీనియేజ్ రికవరీలోకి వెళ్లాలి. మధ్యలో పాత ఆండ్రాయిడ్ తెరుచుకుంటే అది మీరు వేసిన రికవరీని తీసి తనది పెట్టుకుంటుంది, మళ్లీ మొదటికి వస్తారు.

రికవరీలో ఫార్మాట్ డేటా చేసి, అప్లై అప్‌డేట్‌లో ఏడీబీ (కంప్యూటరు నుంచి ట్యాబ్‌కు ఆదేశాలు పంపే సాధనం) ఎంచుకుని, కంప్యూటరు నుంచి ఓఎస్ ఫైలును సైడ్‌లోడ్ చేయండి, అంటే కేబులు ద్వారా ఎక్కించండి. గూగుల్ యాప్‌లు కావాలనుకుంటే ఓఎస్ మొదటిసారి తెరుచుకోక ముందే వాటిని కూడా వేయాలి. ఒకసారి తెరుచుకున్నాక వేస్తే పనిచేయవు, డేటా అంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. వాటిని వేసేటప్పుడు సంతకం సరిపోలేదని రికవరీ హెచ్చరిస్తుంది. వికీ చెప్పిన చోటు నుంచి దించుకున్న ఫైలే అయితే కొనసాగించవచ్చు.

గవర్నర్‌పేట సర్వీసింగ్:

చేయాలని నిశ్చయించుకున్నారు కాబట్టి పనిలో తోడు మాటలు చెబుతాను. ట్యాబ్ ఛార్జింగ్ సగానికి పైన ఉండాలి. వేసవిలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద చేయకండి, ఛార్జింగ్ నిండిన ల్యాప్‌టాప్ మీద చేయండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుళ్లు బజారులో చాలా ఉన్నాయి. ముందు ఆ కేబులుతో ఒక ఫొటోను ట్యాబ్ నుంచి కంప్యూటరుకు కాపీ చేసి చూడండి, కాపీ అయితే కేబులు మంచిదే. యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టవద్దు. విండోస్ అయితే శామ్‌సంగ్ డ్రైవరు ముందుగా వేసుకోవాలి, లేకపోతే ఓడిన్‌లో పరికరం కనిపించదు.

తిరిగి వెనక్కి వెళ్లవలసి వస్తే అన్న ఆలోచనతో ఇప్పుడున్న బిల్డ్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. శామ్‌సంగ్ బూట్‌లోడర్‌కు ఒక వెర్షన్ అంకె ఉంటుంది, అంతకంటే తక్కువ అంకె ఉన్న ఫర్మ్‌వేరును అది ఒప్పుకోదు. బిల్డ్ నంబరులో చివరి నుంచి ఐదవ అక్షరం అదే. మన దేశపు ఫర్మ్‌వేరు కోడు ఐఎన్ఎస్.

కృష్ణలంక చదువరి (విజయవాడ):

మాస్టారు గారి పనులకు గూగుల్ యాప్‌లు లేకుండానే వేసుకోమని నా విన్నపం. 3 జీబీ ర్యామ్‌లో వెనకాల నడిచేవి ఎంత తక్కువ ఉంటే పుస్తకం అంత హాయిగా కదులుతుంది. నేను ఇదే తరహా పాత ట్యాబ్‌లో ఉచిత యాప్‌ల దుకాణమైన ఎఫ్-డ్రాయిడ్ నుంచి కేఓరీడర్ అనే పుస్తకాలు చదివే యాప్ వేసుకుని చదువుతున్నాను. స్కాన్ చేసిన పుస్తకాలకు అందులో ఉన్న సౌకర్యం గొప్పది: పేజీ చుట్టూ ఉన్న తెల్లని అంచులను కత్తిరించి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, మసకబారిన ముద్రణను ముదురుగా చూపిస్తుంది. నలభై, యాభై ఏళ్ల కిందటి ముద్రణలు 10 అంగుళాల తెర మీద ఇలా చదువుతుంటే కంటికి శ్రమ ఉండదు.

తెలుగు అక్షరాల గురించి భయం వద్దు. ఆండ్రాయిడ్‌లో ఉండే నోటో తెలుగు ఫాంటు లీనియేజ్‌లోనూ ఉంటుంది, వత్తులు, గుణింతాలు సరిగా కూడుకుంటాయి. టైపు చేయడానికి ఎఫ్-డ్రాయిడ్‌లోని ఇండిక్ కీబోర్డులో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో రాసే పద్ధతి కూడా ఉంది. యూట్యూబ్ పాఠాలు బ్రౌజరులోనే చూడవచ్చు.

బ్రాడీపేట మాస్టారు:

పని మధ్యలో ఉండి రాస్తున్నాను. అన్‌లాక్ అయింది, రికవరీ ఎక్కింది. సైడ్‌లోడ్‌లో కంప్యూటరు 47 శాతం దగ్గర ఆగి, ఆదేశం చదవలేకపోయినట్లు చూపిస్తోంది. చివరలో సక్సెస్ అనే మాట ఉంది. కేబులు తీయవచ్చా?

పటమట వాసి:

అది మామూలే. ఫైలు పూర్తిగా ఎక్కినా కొన్నిసార్లు కంప్యూటరు 47 దగ్గరే ఆగుతుంది. కంప్యూటరును కాదు, ట్యాబ్ తెరను చూడండి. అక్కడ పొరపాటు సందేశం ఏదీ లేకుండా రికవరీ మెనూ తిరిగి వచ్చి ఉంటే రీబూట్ సిస్టమ్ నొక్కండి. మొదటిసారి తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది, కంగారుపడి పవర్ బటన్ నొక్కవద్దు.

బ్రాడీపేట మాస్టారు:

తెరుచుకుంది. ఇప్పుడు లీనియేజ్ 22, అంటే ఆండ్రాయిడ్ 15 నడుస్తోంది. చదువరి గారి సలహా ప్రకారం గూగుల్ యాప్‌లు లేకుండానే వేశాను. వైఫై, బ్లూటూత్, స్పీకర్లు, కెమెరా, మెమరీ కార్డు అన్నీ పరీక్షించాను, పనిచేస్తున్నాయి. ట్యాబ్ తెరిచిన ప్రతిసారీ బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉందని హెచ్చరిక వస్తుంది, దానికి అలవాటు పడాలి.

వేగం గురించి ఉన్నది ఉన్నట్లు చెబుతాను, ఎందుకంటే తర్వాత చదివేవారు ఎక్కువ ఆశించకూడదు. పుస్తకం తెరవడం, పేజీలు తిప్పడం, బ్రౌజరు ఇవన్నీ మెరుగయ్యాయి. పెద్ద ఫైళ్లు కాపీ చేయడం మాత్రం ముందు ఎంత నెమ్మదో ఇప్పుడూ అంతే. నిల్వ చిప్ అదే కదా, ఓఎస్ మార్చితే దాని వేగం మారదు. భారతదేశ భౌతిక పటం పెద్ద ఫైలును తరగతిలో వేలితో పెద్దది చేసి కృష్ణా డెల్టా చూపించాను, మునుపటిలా తడబడలేదు.

తెనాలి విద్యార్థి:

మాస్టారు గారి చర్చ మొత్తం చదివాను. నాది ఎస్ఎం-టీ509. దీనికి మార్గం లేదా అండి? జీఎస్ఐ అనే మాట ఎక్కడో చదివాను.

లబ్బీపేట లైనక్స్:

తమ్ముడూ, 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ట్రెబుల్ ఏర్పాటు వల్ల ఓఎస్ భాగాన్నీ, పరికరానికి చెందిన డ్రైవర్ల భాగాన్నీ విడదీశారు. అందువల్ల ఒకే సాధారణ ఓఎస్ ఫైలును పలు పరికరాల్లో నడపవచ్చు, దాన్నే జీఎస్ఐ అంటారు. నీ ట్యాబ్‌లో అది తెరుచుకోవచ్చు, కానీ కెమెరా గానీ, శబ్దం గానీ, నిద్రలో బ్యాటరీ ఆదా గానీ సరిగా ఉంటాయన్న హామీ లేదు. ఏది చెడినా సరిచేయడానికి ఆ మోడల్‌ను చూసుకునే వ్యక్తి అంటూ ఉండడు. చదువుకు ఉన్నది ఆ ఒక్క ట్యాబే అయితే ఆ ప్రయోగం చేయవద్దు. గవర్నర్‌పేట వారు మొదట్లో చెప్పిన రీసెట్, మెమరీ కార్డు పద్ధతే నీకు మేలు.

బ్రాడీపేట మాస్టారు:

చివరిగా ఒక సందేహం. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కంప్యూటరుకు కలపాలా?

పటమట వాసి:

అక్కర్లేదు మాస్టారు గారూ. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద అప్‌డేటర్ ఉంటుంది, కొత్త బిల్డ్ వస్తే అక్కడి నుంచే దించి వేస్తుంది, మీ పుస్తకాలు చెరగవు. వెర్షన్ మారినప్పుడు, అంటే 22 నుంచి 23కి వెళ్లేటప్పుడు మాత్రం అప్‌డేటర్ సరిపోదు. వికీలో ఆ మోడల్‌కు ఉన్న అప్‌గ్రేడ్ పేజీ చదివి, కంప్యూటరు నుంచి సైడ్‌లోడ్ చేయాలి. అప్పుడు ఫార్మాట్ డేటా చేయనక్కర్లేదు, అయినా మెమరీ కార్డు తీసి పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.